నూరు శాతం నిర్మూలన

గుమ్మలబంద కొండల్లో ఎక్కడా గంజాయి లేదన్న కబురు విని అందరికంటే ముందు సంతోషించాల్సిన మనిషి డిప్యూటీ కమిషనర్ విశ్వంభరరావు. ఆయన బల్ల గుద్దాడు.

"లేదంటే? లేదంటే ఏమిటయ్యా అర్థం?"

పట్నంలో ఆయన గుద్దిన గుద్దుకి, ఎక్కడో అడవి మధ్యనున్న స్టేషన్లో, కంప్యూటర్ తెరమీద ఆయన టీ కప్పు ఎగిరిపడింది. తెర ముందు నిలబడ్డ ఎస్సై గొర్లె అప్పలసూరి ఆ కప్పు వంకే చూశాడు. మాదకమొక్కల నిర్మూలన విభాగం వారి గుమ్మలబంద ప్రత్యేక స్టేషన్‌కి అతనే అధికారి. నిర్మూలించడం అతని ఉద్యోగం. నిర్మూలన అయిపోయిందని చెప్పడం అతను చేసిన తప్పు.

"మానేశారు సార్," అన్నాడు నెమ్మదిగా. "నిరుడు తోటలన్నీ నరికేశాం కదా. ఈ ఏడు కాఫీ, మిరియాలు, పసుపు వేసుకున్నారు. గంజాయి మొక్కని మళ్లీ కొండెక్కనివ్వమని ఊరంతా ఒట్టేసుకున్నారు."

"మానేసే ముందు మనకి ఇంటిమేషన్ ఇచ్చారా?"

"లేద్సార్."

"అంటే, శాఖతో సంప్రదించకుండా ఏకపక్షంగా మానేశారు. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. నిరుటి నిర్మూలన ఎంతో, ఈ ఏటి లక్ష్యం దానికి పదిశాతం ఎక్కువ. అది పాలసీ. నిర్మూలన సక్సెస్ అయింది కాబట్టి నిర్మూలించడానికి ఏమీ మిగల్లేదంటావా? ఇది నెగటివ్ థింకింగ్, అప్పలసూరీ! లక్ష్యసాధనలో నిర్లక్ష్యాన్ని ఈ విభాగం ఉపేక్షించదు."

ఆ విభాగంలో లక్ష్యాన్ని ఎకరాల్లో కొలవరు, మార్కుల్లో కొలుస్తారు. చదునునేలలో పెరిగిన గంజాయి పీకితే మామూలు మార్కులు. కొండవాలులో అయితే రెట్టింపు. శిఖరం మీద, ఎవరి కంటా పడని మరుగుచోట అయితే, అంత ఎత్తు ఎక్కిన సిబ్బంది కష్టానికి గుర్తింపుగా, ఏకంగా ఇరవై రెట్లు. మొక్కని సిబ్బంది తమ చేత్తోనే పీకాలి, మరొకరు పీకితే సగమే లెక్క. ముద్దాయి కూడా దొరికితే వచ్చినదంతా మళ్లీ రెట్టింపు. ఇక చివరి నిబంధన అప్పలసూరికి నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలిగేది: లక్ష్యం నూరు శాతం పూర్తయ్యేదాకా స్టేషన్లో ఎవరికీ సెలవు లేదు, బదిలీ లేదు.

అతనికి కావలసింది ఆ బదిలీయే. భార్య హేమ పట్నంలో నర్సు. సెంట్రల్ జైలు గోడకి ఆనుకున్న వీధిలో అద్దె ఇల్లు. పెళ్లయిన ఏడేళ్లకి వేసవిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రోజున ఒకసారి, బారసాలకి ఒకసారి చూశాడు పాపని. రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఆ పిల్ల అతని మీసం చూసి ఊపిరి బిగబట్టి ఏడ్చింది.

"మా వీధిలో జైలు గంట కొడితే నవ్వుతుందండీ," అని ఫోన్లో చెప్పింది హేమ. "ఆ గంటని గుర్తుపడుతోంది. మిమ్మల్ని ఎప్పుడు గుర్తుపడుతుందో?"

"వచ్చేస్తానే. ఈ సీజన్లో లక్ష్యం అయిపోతే బదిలీ ఖాయమన్నారు."

"అయితే తొందరగా పీకేయండి."

పీకడానికి అతను సిద్ధమే. మొలవడానికే ఎవరూ సిద్ధంగా లేరు.

మర్నాడే కొండెక్కి గుమ్మలబంద ఊళ్లోకి వెళ్లాడు. ఊరి పెద్ద కొర్రా బుద్రి కాఫీ మొక్కల దగ్గర కలుపు తీస్తోంది. గంజాయి కాలంలో ఆమె కొడుకు కేసుల్లో ఇరుక్కుని రెండేళ్లు లోపలున్నాడు. ఊరి చేత ఒట్టు వేయించింది ఆమే.

"బుద్రమ్మా, ఏ మూలైనా, ఏ బండ సందునైనా, ఒక్క మొక్కుందా?"

"లేదు సారూ! ఎవుడేనా పెడితే మేమే పీకి ఏస్తాం. పెట్టినోడు ఊరికి తప్పు కట్టాల. మేకని కోసి ఊరందరికీ బువ్వ పెట్టాల."

"చాలా మంచిది," అన్నాడు అప్పలసూరి ఏడుపుగొంతుతో.

"ఏటి సారూ, మంచిదని అంటూ అలగైపోతన్నావ్?"

ఏం చెప్తాడు? బండలెక్కాడు, గుహల్లో దూరాడు, పెంకుటిళ్ల కప్పులు వెతికించాడు. పనసచెట్టు తొర్రలో టార్చి వేస్తే గుడ్లగూబ ఒకటి అతని వంక జాలిగా చూసింది. గంజాయి మాత్రం లేదు. ఆకులు అలాగే ఉన్నాయని ఒకచోట పరుగెత్తుకెళితే అది గోంగూర.

దారి చూపించినవాడు హెడ్ కానిస్టేబుల్ బలివాడ కూర్మయ్య. సర్వీసంతా గంజాయి నరికిన మనిషి. భోజనం దగ్గర మజ్జిగ కలుపుకుంటూ అన్నాడు.

"సార్, ఓ మాటడుగుతాను, తిట్టకండి. నరకడానికి పంట కావాల. పంట కావాలంటే ఎవుడో ఒకడు ఎయ్యాల. జనమేమో మేం ఎయ్యం అంటన్నారు. మరింకెవులున్నార్సార్ ఈ కొండమీద?"

అప్పలసూరి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయాడు. "కూర్మయ్యా, నువ్వనేది..."

"నేనేటీ అన్లేదు. గోదాంలో నిరుడు పట్టిన మూటలున్నాయి. మూటల్నిండా ఇత్తనాలు."

"నేరం కదయ్యా అది!"

"గంజాయి ఎయ్యడం నేరం సార్. మనం ఏస్తన్నది నిర్మూలన కదా."

ఆ మాట అప్పలసూరిని మూడు రోజులు తినేసింది. నాలుగో రోజు డిప్యూటీ కమిషనర్‌కి ఫోన్ చేశాడు. సూటిగా అడగలేక, "లక్ష్యం చేరడానికి మనమే కాస్త... ముందు నుంచీ... చొరవ తీసుకోవచ్చా సార్?" అన్నాడు.

విశ్వంభరరావు గొంతులో మొదటిసారి ఆప్యాయత వినిపించింది. "ఇదీ స్పిరిట్! క్షేత్రస్థాయి పరిస్థితులకు అనుగుణంగా తగు చర్యలు నువ్వే తీసుకో. ఏ చర్య అని నన్నడగకు. అడిగితే నాకు తెలిసిపోతుంది."

అలా మొదలైంది. చదునునేలలో వేస్తే లక్ష్యానికి తగ్గ నేల దున్నడం ఐదుగురు కానిస్టేబుళ్ల వల్ల కాదు. అందుకని కొండకొమ్మున, ఏనుగుల్లాంటి రెండు బండల నడుమ చిన్న మడి చూశారు. కింద నుంచి చూస్తే బండలే కనిపిస్తాయి. శిఖరం, మరుగు, ఇరవై రెట్లు. ఆ కాస్త మడితోనే నూరు శాతం పూర్తవుతుంది. వానలు పడగానే విత్తనాలు చల్లి, కానిస్టేబుళ్లు టోపీలు తీసి దణ్ణం పెట్టారు.

మొలకలు వచ్చాయి. వాటితోపాటే చిక్కులూ వచ్చాయి.

మొదటి చిక్కు సీజరు. గంజాయి వాసన పట్టడంలో విభాగానికే పేరు తెచ్చిన కుక్క. సిబ్బంది కొండ దిగి స్టేషన్లో అడుగుపెట్టగానే, శిక్షణలో నేర్పినట్టు, అది కూర్మయ్య ముందుకొచ్చి బుద్ధిగా కూర్చునేది. నేరస్తుడు దొరికాడని దాని సంకేతం. తర్వాత అప్పలసూరి ముందు కూర్చునేది. పటాలం వరసగా నిలబడితే, ఎవరి ముందు కూర్చోవాలో తెలియక పిచ్చెక్కినట్టు గుండ్రంగా తిరిగేది. ఒకరోజు తనిఖీకి వచ్చిన పై అధికారి ఎదుటే ఆ పని చేసింది.

"కుక్కకి ఏమైంది?"

"సొంత సిబ్బందినే అనుమానిస్తోంది సార్," అన్నాడు అప్పలసూరి, చెమట తుడుచుకుంటూ.

"ఇన్‌డిసిప్లిన్! ఇలాంటివి సిబ్బంది మనోధైర్యాన్ని దెబ్బతీస్తాయి."

క్రమశిక్షణ చర్య కింద సీజరుని ఆ వారమే పట్నానికి బదిలీ చేశారు. జీపులో కిటికీ పక్కన కూర్చుని అది వెళ్లిపోతుంటే అప్పలసూరి రోడ్డు మలుపు దాకా చూస్తూ నిలబడ్డాడు. ఆ అడవిలో అంత సులువుగా బదిలీ సంపాదించిన ప్రాణిని అతను చూడలేదు.

రెండో చిక్కు ఆకాశంలోంచి వచ్చింది. విభాగానికి డ్రోన్ సెక్షన్ ఉంది. గంజాయి డ్రోన్‌కి ముందు కనిపిస్తే మార్కులన్నీ డ్రోన్ సెక్షన్‌కే పోతాయి. అంటే, నిర్మూలన విభాగం పెంచుతున్న గంజాయిని నిర్మూలన విభాగం కంటపడకుండా దాచాలి. మిగతా దొంగలకి ఒక్కరే శత్రువు. వీళ్లకి పైవాళ్లూ, కింది ఊరివాళ్లూ, పక్క సెక్షనూ.

ఒక మధ్యాహ్నం వాన వెలిసీ వెలవగానే గుయ్యిమన్న చప్పుడు వినిపించింది.

"డ్రోను! సార్, డ్రోను!" కూర్మయ్య అరిచాడు. "గొడుగులెత్తండ్రా!"

సర్కారు వారు వానాకాలానికి ఇచ్చిన నల్ల గొడుగులన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. కానిస్టేబుళ్లు మొక్కల వరసల్లో రెండు చేతులా గొడుగులు పట్టుకుని కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు. డ్రోన్ వచ్చింది. ఆగింది. దిగింది. అప్పలసూరి గొడుగు అంచున దాని రెక్కల గాలి తగులుతోంది. పాప ముఖం కళ్లముందు మెదిలింది. దొరికిపోయామనే అనుకున్నాడు.

డ్రోన్ లేచి వెళ్లిపోయింది. సాయంత్రం డ్రోన్ సెక్షన్ వాళ్ల నివేదిక వైర్‌లెస్‌లో చదివి వినిపించారు: "శిఖరాగ్రాన గొడుగులు గుంపుగా కలవు. గంజాయి లేదు. గొడుగులు మన పరిధిలోకి రావు."

మొక్కలు ఏపుగా ఎదిగాయి. వాటితో కూర్మయ్య మనసూ ఎదిగింది. నలభై మైళ్లు నడిచి తోటలు నరికిన మనిషి, ఆకుల మీద పురుగు కనిపిస్తే గోటితో తీసి, మొక్కకి "నొప్పెట్టిందేటమ్మా" అంటున్నాడు. జీపులో స్టేషన్‌కి వచ్చే మంచినీళ్లు సగం కొండెక్కేవి. పై నుంచి ఎవరైనా ప్రశ్నిస్తే చెప్పడానికి సీజరు తాగుతోందని జవాబు సిద్ధంగా ఉండేది, సీజరు వెళ్లిపోయిన మూడు నెలల తర్వాత కూడా.

కార్తీకంలో పాపకి అన్నప్రాసన. అప్పలసూరి సెలవు అడిగితే విశ్వంభరరావు నవ్వాడు. "నీ లక్ష్యం సున్నా శాతం దగ్గరుందయ్యా. సున్నాకి సెలవేమిటి?" ఫోన్లోనే చూశాడు. పాప ముందు పరిచిన వస్తువుల్లోంచి బంగారపు గొలుసూ పట్టుకోలేదు, పుస్తకమూ పట్టుకోలేదు. హేమ తమ్ముడు సరదాకి పెట్టిన అప్పలసూరి పాత పోలీసు విజిల్ పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

అతను ఫోన్ కట్టేసి కొండమీదికి వెళ్లి మొక్కల మధ్య కూర్చున్నాడు. మరో నెల. మొక్కలు పూతకొస్తాయి, పెద్దసారు స్వయంగా వస్తాడు, ఫొటోలు తీస్తారు, పీకేస్తారు. తను బస్సెక్కుతాడు.

నిర్మూలన మహోత్సవానికి ముహూర్తం కుదిరింది. "శిఖరాగ్రాన భారీ గంజాయి స్థావరం గుట్టురట్టు" అని వార్త ముందే రాయించి ఉంచారు. పదకొండు గంటలకి విశ్వంభరరావు జీపుల వరసతో గుమ్మలబంద చేరాడు. వెనక విలేకరులు, ఫొటోగ్రాఫర్లు, కొత్త కత్తులు పట్టుకున్న సిబ్బంది.

ఊళ్లోకి రాగానే మేకమాంసం ఉడుకుతున్న వాసన గుప్పుమంది.

"చూశారా, గిరిజనుల ఆతిథ్యం!" అన్నాడు విశ్వంభరరావు విలేకరులతో. "విభాగం మీద ప్రజల్లో పెరిగిన విశ్వాసానికిది నిదర్శనం."

అప్పలసూరి ఆ మాటలు వినడం లేదు. అతని చూపు కొండకొమ్ము మీద ఉంది. రెండు బండల నడుమ నుంచి నల్లటి పొగ లేస్తోంది.

పసుపు ఆరబోయడానికి చదును చేసిన కళ్లంలో ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, యూనిఫాంలో కూర్మయ్య. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగకో, దుఃఖానికో తెలియదు.

"మేకలు తప్పిపోయి పొద్దున మా పిల్లలు పైకెళ్లారు సారూ," అంది బుద్రి లేచి నిలబడి. "మా కొండమీద గంజాయి సూసినారు. మా ఒట్టుకి దెబ్బ. అందరం ఎల్లి పీకినాం, ఏసేసినాం మంటల్లో. ఈ పెద్దమనిసి కాపలా ఉన్నాడు. పట్టుకున్నాం. తప్పు ఒప్పుకున్నాడు, మేకకి సొమ్మిచ్చినాడు. కూకోండి, బువ్వ తిందురు."

విశ్వంభరరావు ముఖం రంగు మారింది. విలేకరులు పెన్నులు తీశారు. ఆయన అప్పలసూరిని చెయ్యి పట్టుకుని పసుపు చేలోకి లాక్కెళ్లాడు.

"ఎంత నష్టమో తెలుసా? సిబ్బంది పీకలేదు! జనం పీకారు! అంటే సగమే లెక్క. యాభై శాతం! ప్రభుత్వ లక్ష్యాన్ని ప్రైవేటు వ్యక్తులు ధ్వంసం చేశారు!"

"సార్, గంజాయి పోయింది కదా సార్..."

"గంజాయి పోవడం ముఖ్యం కాదు. ఎవరి ద్వారా పోయిందన్నది ముఖ్యం." ఆయన చటుక్కున ఆగాడు. కళ్లలో వెలుగు వచ్చింది. "ముద్దాయి! ముద్దాయి దొరికితే రెట్టింపు. యాభై రెట్టింపైతే నూరు! ఆ ముసలిదాన్ని రాయి. వీళ్లే పెంచారు, పట్టుకోబోయిన మన హెడ్ కానిస్టేబుల్‌నే బంధించారు, మనం వస్తున్నామని తెలిసి సాక్ష్యం తగలబెట్టారు. ఆమె కొడుకు మీద పాత కేసు కూడా ఉందిగా. సంతకం చెయ్. రేపే నీ బదిలీ ఆర్డర్ మీద నేను సంతకం చేస్తా."

పసుపు ఆకుల మీంచి చూస్తే బుద్రి కనిపిస్తోంది. విస్తరాకులు పరుస్తోంది. పట్నం నుంచి వచ్చిన సిబ్బందికి కూడా లెక్కపెట్టుకుని పరుస్తోంది. ఈ కేసు పడితే ఆమె బయటికి వచ్చేసరికి కాఫీ మొక్కలు చెట్లవుతాయి. ఊళ్లో ఒట్టన్న మాట ఎవరూ ఎత్తరు.

"ఎందుకయ్యా ఆలోచన? నూరు శాతం!"

అప్పలసూరి నిజంగానే ఆలోచిస్తున్నాడు. గంజాయి కేసు. రిమాండు. ఈ జిల్లాలో ఇంత పెద్ద కేసులో ముద్దాయిని ఎక్కడికి పంపుతారు? సెంట్రల్ జైలుకి. పట్నం. గోడ అవతల అద్దె ఇల్లు. గంట కొడితే నవ్వే పాప.

"సార్, ముద్దాయి దొరికాడు," అన్నాడు.

"శభాష్! పేరు?"

"గొర్లె అప్పలసూరి. తండ్రి పేరు జోగినాయుడు. ఉద్యోగం, ఎస్సై."

"పిచ్చెక్కిందా నీకు?"

"విత్తనాలు నేనే వేయించాను సార్. నీళ్లు నేనే పోయించాను. సాక్ష్యానికి ఊరంతా ఉంది. సొంత విభాగంలోని నేరస్తుణ్ణి తమరే స్వయంగా పట్టుకున్నారని విలేకరులకి చెప్పండి. లక్ష్యం నూరు శాతం."

విశ్వంభరరావు నోరు తెరిచాడు. ముందు ఏదో తిట్టబోయాడు. తర్వాత ఏదో లెక్క వేసుకున్నాడు. చివరికి ముఖమంతా కరుణ పరుచుకుంది.

"ప్రభుత్వోద్యోగి ముద్దాయి అయితే ప్రత్యేక కేటగిరీ. నూరు కాదయ్యా, నూట యాభై శాతం!" అని అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "విభాగం నీ త్యాగాన్ని మరువదు. అయితే, తగు చర్యలు తీసుకోమన్నది మాత్రం నీకు గుర్తుండకూడదు."

"ఏ చర్యలు సార్?"

"వెరీ గుడ్."

కూర్మయ్య పరుగెత్తుకొచ్చాడు. "నన్ను కూడా రాయండి సార్! నేను కూడా వొచ్చేస్తాను!"

"నీకు పట్నంలో ఎవరున్నారయ్యా?"

"ఎవులూ లేరు."

"అయితే నువ్వెందుకు? ఇక్కడే ఉండు."

బేడీలు వేసుకునే ముందు అప్పలసూరి విస్తరి ముందు కూర్చుని, తన విభాగం కట్టిన తప్పు తాలూకు మేకకూర తృప్తిగా తిన్నాడు. పక్కనే కూర్చున్న విశ్వంభరరావు రెండోసారి వేయించుకున్నాడు. బుద్రి వడ్డిస్తూ అప్పలసూరి దగ్గర ఆగింది. పసుపు చేలో మాటలన్నీ ఆమె చెవిన పడ్డాయో లేదో అతనికి తెలియదు. ఒక ముక్క ఎక్కువ వేసి వెళ్లింది.

విశ్వంభరరావుకి పతకం వచ్చింది. గుమ్మలబంద స్టేషన్‌కి ఉత్తమ స్టేషన్ కప్పు వచ్చింది. కొత్త ఎస్సై కూడా వచ్చాడు. వచ్చే ఏటి లక్ష్యం పాత నిర్మూలనకి పదిశాతం ఎక్కువని అతనికి తెర మీద చెప్పారు. ఆ కుర్రాడు మర్నాడే పట్నం బస్సెక్కి, హేమ ఇంటి తలుపు తట్టి, "అక్కా, సార్‌ని కలిసినప్పుడు ఒక్క మాట అడుగుతారా? గోదాంలో విత్తనాలు ఏ మూలన ఉన్నాయో?" అన్నాడట.

హేమ వారానికి రెండుసార్లు ములాఖత్‌కి వచ్చేది. గుమ్మం దాటి గోడ చుట్టి నడిస్తే జైలు గేటే. వచ్చినప్పుడల్లా తిట్టేది. మొదట్లో గట్టిగా, పోనుపోను అలవాటుగా.

"పోలీసు పెళ్లామని ఇల్లు అద్దెకిచ్చారు. ఇప్పుడు వీధిలో ఏం చెప్పుకోను?"

"మీ ఆయన పట్నానికి వచ్చేశాడని చెప్పు."

ఆమె నవ్వాపుకోలేక పాపని ఇద్దరి మధ్యనున్న ఇనుప వలకి ఆనించింది. పాప మొదటివారం ఏడ్చింది. రెండోవారం మీసం వంక తేరిపార చూసింది. ఆ తర్వాతి వారం వల రంధ్రంలోంచి వేళ్లు దూర్చి ఆ మీసాన్ని పట్టుకుంది.

సంక్రాంతి వెళ్లాక లాయరు వచ్చాడు. మంచి చురుకైనవాడు. వస్తూనే, "శుభవార్త సూరిగారూ!" అన్నాడు. "బెయిలు వచ్చేలా ఉంది. వచ్చేవారం బయట ఉంటారు."

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. "బయటికొస్తే ఎక్కడుంటానండీ?"

"మీరు సస్పెన్షన్‌లో ఉన్నారు కదా. నిబంధన ప్రకారం కేసు తేలేదాకా హెడ్‌క్వార్టర్స్ దాటకూడదు."

"హెడ్‌క్వార్టర్స్ అంటే?"

లాయరు కాగితం తిరగేసి చూశాడు. "గుమ్మలబంద."

జైలు గంట కొట్టింది. గోడ అవతల నుంచి, మిద్దె మీద ఆడుతున్న చంటిపిల్ల కేరింత ఒకటి సన్నగా వినిపించింది. అప్పలసూరి గోడ వంక చూస్తూ మళ్లీ కూర్చున్నాడు.

"తొందరేం లేదు లాయరుగారూ," అన్నాడు. "వాయిదా తీసుకోండి. పాప నడిచేదాకా ఆగుదాం."